కరెంటు పోయొస్తే సిస్టమ్ లాగిన్ స్క్రీన్ కాడనే ఆగుతుంది, బాట్ నడుస్తలేదు. పాస్‌వర్డ్ అడగకుండ తనంతట తనే లాగిన్ అయ్యే ఆటో లాగాన్ ఎట్ల పెట్టాలె?

మిల్లాఫీస్_మిర్యాలగూడ

నమస్తే అందరికి. మాది మిర్యాలగూడల రైస్ మిల్లు, నేను ఆఫీసుల అకౌంట్స్ చూస్త, కంప్యూటర్ల పని గూడ నా నెత్తి మీదనే ఉన్నది ఎందుకంటే ఇంకెవరు ముట్టుకోరు. సంగతేందంటే మా కాటా సాఫ్ట్‌వేర్ పాతది, లోడు బండి తూకం, ఖాళీ బండి తూకం, వడ్ల రకం, రైతు పేరు అన్ని దాంట్ల ఎక్కుతయి గాని బయటికి తియ్యాలంటే రిపోర్ట్ మెనూలకు పోయి తారీఖు కొట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కుడు తప్ప ఇంకో దారి లేదు. యాసంగి వడ్లు దిగేటప్పుడు సాగర్ ఎడమ కాల్వ కింద ఊర్ల నుంచి ట్రాక్టర్లు లారీలు రాత్రి పగలు వస్తనే ఉంటయి, పొద్దుగాల వచ్చి ఇదంత టాలీల ఎక్కియ్యాలంటే మధ్యాహ్నం దాక అదే పని. అందుకని పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ల (మనిషి లెక్క బటన్లు నొక్కే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) ఒక ఫ్లో, అంటే బాట్, తయారు చేసిన, తెల్లారగట్ల 4 గంటలకు అదే కాటా సాఫ్ట్‌వేర్ తెరిచి రిపోర్ట్ తీసి ఎక్సెల్‌ల సాపు చేసి టాలీల ఎక్కిచ్చి మా సేటుకు మెయిల్ కొడ్తది. ప్రీమియం లైసెన్స్ ఉన్నది, అటెండెడ్ మోడ్‌ల నడుస్తది.

నడిచిన రోజు మస్తు నడుస్తది, కరెంటు పోయిన రోజే పంచాయితీ. యూపీఎస్ కొంచెంసేపు ఆపి చేతులెత్తేస్తది, కరెంటొచ్చినంక సిస్టమ్ ఒకోసారి తనంతట తనే లేస్తది ఒకోసారి లేవదు, లేచినా పాస్‌వర్డ్ అడిగే కాడ ఆగి కూసుంటది. ఆ టైంల వాచ్‌మన్ తాత తప్ప ఎవరుండరు, ఆయనకు పాస్‌వర్డ్ ఎట్ల చెప్త. ఇంకోటి, రాత్రి ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌ల ఒకసారి చూసి మూసేసి పండుకుంటే ఆ తెల్లారి ఫ్లో పక్కా ఫెయిల్, బటన్ దొరకలేదు అని ఎర్రగ చూపిస్తది, కరెంటు పోకున్నా గూడ. ఇదెందుకైతుందో సమజ్ అయితలేదు.

విండోస్ 11 ప్రో, లోకల్ అకౌంట్, పిన్ పెట్టుకున్న. గూగుల్‌ల చూస్తే రిజిస్ట్రీల పాస్‌వర్డ్ రాయి అని ఉన్నది, అది రాస్తే ఎవరన్న చూస్తరేమో అని భయం. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.


రామగిరి_హార్డ్‌వేర్

తమ్మీ, సాఫ్ట్‌వేర్ సంగతి మిగతోళ్లు చెప్తరు, నేను నల్లగొండల సిస్టమ్‌లు బాగుచేస్త కాబట్టి ముందుగాల మిషన్ లేచే సంగతి చెప్త. ఒకోసారి లేస్తది ఒకోసారి లేవదు అన్నవు చూడు, అది బయోస్ (విండోస్ కంటె ముందు మిషన్‌ను లేపేది) సెట్టింగు. బయోస్‌లకు పోతే పవర్ కింద రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో ఆఫ్టర్ పవర్ లాస్ అనో ఉంటది, బోర్డును బట్టి పేరు మారుతది. అది లాస్ట్ స్టేట్ మీద ఉంటే పోయినప్పుడు ఎట్లుంటే అట్లనే వస్తది, అంటే యూపీఎస్ సాఫ్ట్‌వేర్ పద్ధతిగ షట్‌డౌన్ చేసిందనుకో, అది ఆఫ్‌ల ఉన్నదని గుర్తుపెట్టుకుని ఆఫ్‌లనే ఉంటది. పవర్ ఆన్ అని పెట్టు, ఎప్పుడైనా లేస్తది.

ఐతే దీంట్ల ఒక మెలిక ఉన్నది. విండోస్ షట్‌డౌన్ అయింది గాని యూపీఎస్ బ్యాటరీల ఇంక దమ్మున్నది, అంతల కరెంటొచ్చింది అనుకో, మిషన్‌కు కరెంటు పోయినట్టే తెల్వదు, ఇగ లేవదు. దానికి మందేందంటే అదే బయోస్‌ల గంట పెట్టి లేపే ఆప్షన్ ఉంటది, ఆర్‌టీసీ అలారం అంటరు, 3:30కి పెట్టు, రెండిట్ల ఏదో ఒకటి లేపుతది.

సిస్టమ్ పాతదైతే బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల మార్పిచ్చు, ఎక్కువ ఖర్చేం గాదు. అది ఐపోతే కరెంటు పోయినప్పుడల్ల బయోస్ సెట్టింగులు మొదటికొస్తయి, తారీఖు గూడ ఎనక్కి పోతది, తారీఖు తప్పైతే మెయిల్ గూడ పోదు, సర్టిఫికెట్ ఎర్రర్ అంటది. జనాలు సాఫ్ట్‌వేర్ పాడైందని ఫార్మాట్ కొట్టిపిస్తరు బిళ్ల మార్చకుండ.


జడ్చర్ల_ఫార్మా_ఐటీ

నేను జడ్చర్ల దగ్గర ఒక మందుల కంపెనీల ఐటీల చేస్త, మా కాడ యూఐపాత్ (ఇది గూడ అసొంటి బాట్ సాఫ్ట్‌వేరే) బాట్లు పవర్ ఆటోమేట్ ఫ్లోలు రెండు నడుస్తయి. జర పొడుగు రాస్త, ఓపిక పట్టుండ్రి ఎందుకంటే ఆటో లాగాన్ పెట్టుడు ఐదు నిమిషాల పని, అది నీకు కావాల్నా వద్దా అనేదే అసలు సంగతి.

ఏ బాట్ అయినా స్క్రీన్ మీద బటన్ నొక్కాలంటే ముందుగాల స్క్రీన్ ఉండాలె. యూజర్ లాగిన్ అయి డెస్క్‌టాప్ తెరిచి ఉండాలె, లాక్ పడొద్దు. లాగిన్ స్క్రీన్ మీద, లాక్ స్క్రీన్ మీద ఉన్నప్పుడు నీ కాటా సాఫ్ట్‌వేర్ విండో ఉన్నట్టే గాని బాట్‌కు దాని మీద నొక్కే వీలు లేదు. రిమోట్ డెస్క్‌టాప్ సంగతి గూడ ఇదే. నువ్వు ఇంటి నుంచి లాగిన్ అయినప్పుడు సెషన్ మిల్లుల మానిటర్ నుంచి నీ కాడికి వస్తది, అక్కడ లాక్ స్క్రీన్ పడ్తది. నువ్వు పైన ఇంటు గుర్తు నొక్కి మూసేస్తే సెషన్ నీ కాడ లేదు ఆడ లేదు, డిస్‌కనెక్టెడ్‌ల ఉంటది, బొమ్మ గీసే స్క్రీనే లేదు. బటన్ దొరకలేదు అనక ఏమంటది పాపం.

ఇప్పుడు ఆటో లాగాన్. బాట్ నడిపే పద్ధతులు రెండు. అటెండెడ్ అంటే ఆల్రెడీ లాగిన్ అయి ఉన్న మనిషి సెషన్‌ల నడిచేది, లైసెన్స్ ఉద్దేశం గూడ మనిషి పక్కన ఉన్నప్పుడు అనే. అనటెండెడ్ అంటే మనిషి లేకుండ, లాగిన్ గూడ బాటే చేసుకునేది. నువ్వు తెల్లారగట్ల 4కి ఎవరు లేకుండ నడిపిస్తున్నవంటే లెక్కకు అది అనటెండెడ్ పని, పవర్ ఆటోమేట్‌ల దానికి ప్రాసెస్ లైసెన్స్ అని వేరే ఉంటది, ప్రీమియం ఒక్కదాంతోని గాదు. ఖర్చు సేటు చూస్కుంటడు గాని సంగతి చెప్పాలె కదా అని చెప్తున్న.

అనటెండెడ్ తీస్కుంటే ఆటో లాగాన్ పెట్టనే పెట్టొద్దు. ఇదే చానమంది బోల్తా పడే కాడ. పవర్ ఆటోమేట్ల మిషన్‌ను రిజిస్టర్ చేసి, కనెక్షన్‌ల విండోస్ యూజర్ నేము పాస్‌వర్డ్ ఇస్తవు, టైముకు అదే లాగిన్ అయి, పని చేసి, లాగ్ ఆఫ్ అయిపోతది. విండోస్ 10, 11 మీద మామూలుగ ఐతే అప్పటికే ఎవరన్న లాగిన్ అయి ఉంటే, లాక్‌ల ఉన్నా సరే, రన్ ఫెయిల్ అంటది. అంటే నువ్వు కష్టపడి ఆటో లాగాన్ పెడితే అదే అడ్డం పడ్తది. ఇంకో మాట, ఇది హోమ్ ఎడిషన్ల నడవదు, నీది ప్రో కాబట్టి బేఫికర్.

యూఐపాత్‌ల గూడ అంతే, అనటెండెడ్ రోబోట్‌కు యూజర్ నేము పాస్‌వర్డ్ ఆర్కెస్ట్రేటర్‌ల (బాట్లను నడిపే దాని కంట్రోల్ సైట్) ఇస్తం, మిషన్ మీద రోబోట్ సర్వీసు లేచి సెషన్ అదే తయారు చేసుకుంటది. లాగిన్ టు కన్సోల్ అని ఒక సెట్టింగు ఉంటది, అది యెస్ అంటే మానిటర్ ఉన్న అసలు సెషన్‌లకు పోతది, నో అంటే ఆర్‌డీపీ, అంటే రిమోట్ డెస్క్‌టాప్ లెక్క వేరే సెషన్ తెరుస్తది, అప్పుడు స్క్రీన్ సైజు మనమే ఇవ్వాలె.

అటెండెడ్‌లనే ఉంటనంటే అప్పుడు ఆటో లాగాన్ కావాలె. దానికి రిజిస్ట్రీల చేత్తోని రాయకు. విన్‌లాగాన్ కింద ఆటోఅడ్మిన్‌లాగాన్ 1, డిఫాల్ట్‌యూజర్‌నేమ్, డిఫాల్ట్‌పాస్‌వర్డ్ అని రాస్తే పనైతే ఐతది గాని పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు కండ్లకు కనిపిస్తది, నెట్‌వర్క్ల అకౌంట్ ఉన్నోళ్లు దూరం నుంచి గూడ చదవొచ్చు, తాళమేసి చెవి గడప మీద పెట్టినట్టు. సిస్‌ఇంటర్నల్స్ ఆటోలాగాన్ అని మైక్రోసాఫ్ట్ సైట్ల ఫ్రీగ దొరుకుతది, చిన్న ఫైలు, తెరిస్తే యూజర్ నేము, డొమైన్, పాస్‌వర్డ్ మూడు డబ్బాలు ఉంటయి, నింపి ఎనేబుల్ నొక్కుడే. పాస్‌వర్డ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఎల్ఎస్ఏ సీక్రెట్‌గ, అంటే విండోస్ లోపలి తిజోరిల, దాస్తది. లోకల్ అకౌంట్ కాబట్టి డొమైన్ డబ్బాల నీ కంప్యూటర్ పేరు ఉండాలె.

అది పాస్‌వర్డ్ కరెక్టా కాదా చెక్ చేయదు, తప్పు కొట్టినా సక్సెస్ అనే చూపిస్తది, రీస్టార్ట్ చేసినంకనే తెలుస్తది. పిన్ నడవదు, అసలు పాస్‌వర్డే కావాలె. రేపు పాస్‌వర్డ్ మారిస్తే మళ్ల ఈడ గూడ మార్చాలె. ఆపీసు డొమైన్లల్ల ఐతే పాస్‌వర్డ్ గడువు ఉంటది, విండోస్ డీఫాల్ట్ పాలసీల 42 రోజులు, ఆ 43వ రోజు పొద్దున్నే నాకు ఫోన్లు మొదలైతయి. లాగిన్‌కు ముందు ఓకే నొక్కమనే నోటీసు పాలసీ ఉన్న కాడ ఆటో లాగాన్ మొరాయిస్తది, మా కంపెనీల మొదలు అదే తిప్పలు. మిల్లుల అసొంటిది ఉండదులే.


మిల్లాఫీస్_మిర్యాలగూడ

అన్నా మస్తు సమజ్ అయ్యేటట్టు చెప్పిన్రు. సేటును అడిగిన, ఈ సీజన్ అటెండెడ్‌లనే నడువనీ వచ్చే వానాకాలానికి ప్రాసెస్ లైసెన్స్ చూద్దాం అన్నడు, లైసెన్స్ సంగతి గూడ చెప్పిన, ఆయన ఇష్టం. రామగిరి అన్నా, బయోస్ల చూసిన, లాస్ట్ స్టేట్ అనే ఉండె, మార్చిన.

నెట్‌ల ఒకతను నెట్‌పీఎల్‌విజ్ అనే కమాండ్ కొట్టి పాస్‌వర్డ్ అడుగు అనే టిక్ తీసేస్తే సాలు అన్నడు, నా దాంట్ల ఆ టిక్ డబ్బానే లేదు. ఇంకోటి, లాగిన్ అయినంక వెంటనే లాక్ పడేటట్టు ఒక కమాండ్ స్టార్టప్‌ల పెడితే సేఫ్ అని ఇంకో కాడ ఉన్నది, అట్ల చేస్తే నడుస్తదా?


పాలమూరోడు

నెట్‌పీఎల్‌విజ్ సంగతి: సెట్టింగ్స్ అకౌంట్స్ సైన్ ఇన్ ఆప్షన్స్‌ల మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు విండోస్ హలో ఒక్కటే అనే స్విచ్ ఆన్‌ల ఉంటే ఆ డబ్బా కనవడదు, అది ఆఫ్ చేసి మళ్ల తెరువు. స్పెల్లింగు ఎన్ ఈ టీ పీ ఎల్ డబ్ల్యూ ఐ జెడ్, నేను ఇప్పటికి గూడ ఒక్కపారి సరిగ్గ కొట్టలే. అది చేసినా సిస్‌ఇంటర్నల్స్‌ది చేసినా ఫలితం ఒకటే, రెండు పెట్టకు.

లాగిన్ అయినంక లాక్ చేసుడు: సెషన్ లేచి ఉంటది, ఎనక నడిచే ప్రోగ్రాములు నడుస్తయి, గాని బటన్లు నొక్కే పని ఐతే నడవదు. నీది మొత్తం బటన్లు నొక్కే పనే కదా, మరి లాక్ చేస్తే ఏం లాభం.

నాదొక ప్రశ్న. అసలు బటన్లు నొక్కుడు ఎందుకు? ఆ కాటా సాఫ్ట్‌వేర్ తన డేటా ఏడ పెడ్తుందో చూసినవా? పాత కాటా సాఫ్ట్‌వేర్లు చానవరకు యాక్సెస్ ఫైల్లనో ఎస్‌క్యూఎల్‌లనో పెడ్తయి, ఆ ఫోల్డర్ల ఒకసారి వెతుకు. ఆ డేటాబేస్ ఫైలు దొరికితే ఒక చిన్న పవర్‌షెల్ స్క్రిప్టు రాసి టాస్క్ షెడ్యూలర్‌ల యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడువు అనే ఆప్షన్ పెడితే సాలు, లాగిన్ గోలనే లేదు, సిస్టమ్ లేస్తే సాలు అది నడుస్తది. గాని జాగ్రత్త, ఆ ఆప్షన్ల నడిచేది సెషన్ 0ల నడుస్తది, దానికి స్క్రీన్ ఉండదు, కాబట్టి దాంట్లకెల్లి ఎక్సెల్ తెరువొద్దు, ఎక్సెల్‌ను అట్ల మనిషి లేకుండ నడిపియ్యొద్దని మైక్రోసాఫ్టే రాసిపెట్టింది, ఎక్కడో ఒక మెసేజ్ డబ్బా తెరుసుకుని ఓకే నొక్కేటోడు లేక రాత్రంత అట్లనే కూసుంటది. సీఎస్‌వీ (కామాల టెక్స్ట్ ఫైలు) రాసి ఊకో.

టాలీల ఎక్కియ్యడానికి గూడ ఎంటర్లు కొట్టే పని లేదు, టాలీ ప్రైమ్‌ను సర్వర్‌గ పెడితే మామూలుగ 9000 పోర్టు మీద ఎక్స్‌ఎమ్‌ఎల్ తీస్కుంటది, వోచర్లు నేరుగ పంపొచ్చు. ఐతే టాలీ తెరిచి ఉండాలె, అది తెరవాలంటే మళ్ల లాగిన్ కావాలె, తిరిగి తిరిగి ఆడికే వస్తం. సగం పనన్న లాగిన్‌తోని సంబంధం లేకుండ ఐపోతది కదా, తూకాల లెక్కయితే సేటుకు మెయిల్ పోతది.


వనపర్తి_జీఎస్టీ_అక్క

నేను జీఎస్టీ రిటర్నులు చూస్త, సాఫ్ట్‌వేర్ సంగతి మీ అంత తెల్వదు గాని ఒకటి అడుగుత. రాత్రంత డెస్క్‌టాప్ తెరిచి పెడ్తున్నవు సరే, అదే సిస్టమ్ల మీ బ్యాంకు లాగిన్ గూడ ఉన్నదా? క్రోమ్‌ల ఈవే బిల్లు పాస్‌వర్డు సేవ్ అయి ఉన్నదా? మిల్లు ఆఫీసు ఎట్లుంటదో నాకు తెలుసు, డ్రైవర్లు, హమాలీలు, రైతులు, చాయ్ తెచ్చే పిలగాడు అందరు కాటా కాడికే వస్తరు. ఆటో లాగాన్ అంటే ఆ కుర్చీల ఎవరు కూసున్నా సిస్టమ్ వాళ్లదే.

బాట్‌కు వేరే యూజర్ తయారు చెయ్యి, అడ్మిన్ వద్దు, మామూలు యూజర్. ఆ యూజర్‌కు కాటా సాఫ్ట్‌వేర్, ఒక్క ఫోల్డర్, టాలీల వోచర్ ఎంట్రీ మాత్రమే ఉన్న ఇంకో యూజర్, అంతే. బ్యాంకు పని, రిటర్నుల పని వేరే సిస్టమ్ల చేస్కో. వీలైతే బాట్ మిషన్‌ను కాటా రూముల గాకుండ లోపల తాళమేసే రూముల పెట్టుండ్రి.

ఇంకొకటి బాబూ, రేపు ఈవే బిల్లు గూడ బాట్‌కు ఇద్దామని ఆలోచన చేస్తవేమో, ఆ పోర్టల్‌కు 2025 నుంచి ఓటీపీ తప్పనిసరి అయింది, ముందుగాల పెద్ద టర్నోవర్ వాళ్లకు, ఏప్రిల్ నుంచి అందరికి. క్యాప్చా గూడ ఉంటది. దాన్ని దాటనీకి ఫోన్ల ఓటీపీలు చదివే యాపులు పెట్టేటోళ్లను చూసిన, ఆ పని మాత్రం చేయకు, ఆ ఓటీపీ పెట్టిందే మనిషి ఉన్నడా లేడా చూడనీకి.


జడ్చర్ల_ఫార్మా_ఐటీ

అక్క చెప్పింది నూటికి నూరు కరెక్టు. మా కాడ ఐతే ఆడిట్‌ల మొదటి ప్రశ్ననే అది, ఈ ఎంట్రీ మనిషి చేసిండా బాట్ చేసిందా అని. బాట్‌కు వేరే యూజర్ పేరు ఉంటే టాలీల గూడ ఎవరు ఎక్కిచ్చిన్రో తెలుస్తది, లేకుంటే తప్పు తూకం ఎక్కినా నీ పేరు మీదనే ఉంటది.

ఎల్ఎస్ఏ సీక్రెట్ అన్నం కదా అని పూర్తి నమ్మకం గూడ వద్దు. ఆ మిషన్ మీద అడ్మిన్ హక్కులున్నోడు కావాలనుకుంటే దాన్ని బయటికి తియ్యగలడు. అందుకే బాట్ యూజర్ పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడొద్దు. నీ మెయిల్‌కు, టాలీకి, దీనికి ఒకటే పాస్‌వర్డ్ ఉంటే ఇప్పుడే మార్చు. డిస్కుకు బిట్‌లాకర్ (డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసేది) పెట్టు, టీపీఎం (సెక్యూరిటీ చిప్) ఉంటే స్టార్టప్‌ల పిన్ అడగకుండనే లేస్తది కాబట్టి ఆటో లాగాన్‌కు అడ్డం రాదు, రికవరీ కీ మాత్రం కాయితం మీద రాసి సేటు బీరువల పెట్టుండ్రి.

లాక్ పడకుండ చూసుకోవాల్సినయి ఇంక ఉన్నయి. స్లీప్ నెవర్, స్క్రీన్ సేవర్ బంద్, సైన్ ఇన్ ఆప్షన్స్‌ల మళ్ల ఎప్పుడు సైన్ ఇన్ అడగాలె అంటే నెవర్, ఫోన్ దూరం పోతే లాక్ పడే డైనమిక్ లాక్ ఉంటది అది బంద్. అన్నిటికంటె దొంగ దెబ్బ తీసేది విండోస్ అప్‌డేట్. అప్‌డేట్ అయినంక నా సైన్ ఇన్ సమాచారం వాడి సెటప్ పూర్తి చెయ్యి అనే స్విచ్ ఆన్‌ల ఉంటే, రీస్టార్ట్ అయినంక విండోస్ అదే లాగిన్ అయి అదే లాక్ గూడ చేస్తది. చూసేటోళ్లకు ఆటో లాగాన్ పనిచేసినట్టే ఉంటది, బాట్ మాత్రం ఫెయిల్. ఆ స్విచ్ ఆఫ్ చెయ్యి, యాక్టివ్ అవర్స్ గూడ పెట్టుకో, ఎక్కువల ఎక్కువ 18 గంటలు ఇస్తది, తెల్లారగట్ల 4 దాంట్ల పడేటట్టు చూస్కో.

రిమోట్ డెస్క్‌టాప్ తప్పదంటే మూసేటప్పుడు ఇంటు నొక్కకు. డెస్క్‌టాప్ మీద ఒక బ్యాచ్ ఫైలు పెట్టు, టీఎస్‌కాన్ అనే కమాండ్, దానికి సెషన్ నంబరు ఇచ్చి డెస్ట్ కన్సోల్ అనాలె, అడ్మిన్‌గ రన్ చేస్తే నీ ఆర్‌డీపీ తెగిపోతది, సెషన్ మాత్రం లాక్ పడకుండ మిల్లుల మానిటర్ మీదికి పోతది. లేదంటే ఎనీడెస్క్ అసొంటిది వాడు, అది ఉన్న స్క్రీన్‌నే చూపిస్తది కాబట్టి తీసేసినా మామూలుగ లాక్ పడదు, దాని పాస్‌వర్డ్ మాత్రం గట్టిది పెట్టు. ఊరికే చూడనీకే ఐతే రెండు వద్దు, ఫ్లో చివర్ల స్క్రీన్‌షాట్ మెయిల్ కొట్టే స్టెప్ పెట్టుకో.

ఆటో లాగాన్ అయిన వెంటనే ఫ్లో మొదలు పెట్టకు. నెట్ రావాలె, కాటా కేబుల్ పట్టాలె, నెట్‌వర్క్ డ్రైవ్ కలవాలె, ఒక 3 నిమిషాలు ఆగనీ.


మిల్లాఫీస్_మిర్యాలగూడ

అన్నలు అక్క అందరికి మస్తు థాంక్స్. ఇప్పటిదాక చేసింది ఇది: బాట్ పేరుతోని వేరే లోకల్ యూజర్, ఆటోలాగాన్ ఎనేబుల్, అప్‌డేట్ స్విచ్ ఆఫ్, బ్యాంకు పని మొత్తం నా ల్యాప్‌టాప్‌లకు మార్చిన. మెయిన్ స్విచ్ వేసి తీసి చూసిన, సిస్టమ్ లేచింది, లాగిన్ అయింది, ఫ్లో గూడ నడిచింది. పాలమూరు అన్నా, నువ్వన్నట్టే ఫోల్డర్ల యాక్సెస్ ఫైల్ దొరికింది, పాస్‌వర్డ్ ఉన్నది దానికి, సాఫ్ట్‌వేర్ ఇచ్చినాయనను అడుగుత.

ఒక్కటే మిగిలింది. మానిటర్ స్విచ్ ఆఫ్ చేసి పోతే ఫ్లో ఒక కాడ తప్పు బటన్ నొక్కుతుంది, మానిటర్ ఆన్‌ల ఉంటే కరెక్టే. రాత్రంత మానిటర్ వెలుగుతుంటే అందరు చూస్తరు కదా.


రామగిరి_హార్డ్‌వేర్

అది నా పని. కొన్ని మానిటర్లు ఆఫ్ చేస్తే మిషన్ మానిటరే లేదనుకుంటది, రిజల్యూషన్ తగ్గిపోతది, బొమ్మ చూసి నొక్కే స్టెప్పులు అన్ని పక్కకు జరుగుతయి. హెచ్‌డీఎంఐ డమ్మీ ప్లగ్ అని దొరుకుతది, వేలంత ఉంటది, అది ఎనక గుచ్చితే మానిటర్ ఉన్నట్టే అనుకుంటది, అసలు మానిటర్ పీకి ఇంట్ల పెట్టుకున్నా ఏం గాదు. పెట్టినంక ఒకసారి రిజల్యూషన్, స్కేలింగ్ 100 శాతం ఉన్నదా చూసి, ఆ బటన్ స్టెప్పు మళ్ల క్యాప్చర్ చెయ్యి.

ఎప్పుడన్న సిస్టమ్ రిపేరుకు ఇచ్చేటప్పుడు గాని అమ్మేటప్పుడు గాని ఆటోలాగాన్ తెరిచి డిసేబుల్ నొక్కి ఇయ్యి. మా షాపుకు వచ్చే మిషన్లు సగం ఆన్ చేస్తే నేరుగ డెస్క్‌టాప్‌లకే పోతయి, టాలీ సుద్ద తెరుసుకుని ఉంటది. నువ్వు ఎప్పుడన్న వేరే యూజర్‌తోని లాగిన్ కావాలంటే మాత్రం డిసేబుల్ అక్కర్లేదు, విండోస్ లేచేటప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే ఆ ఒక్కపారి ఆటో లాగాన్ ఆగుతది.